జైలుకు వెళ్ళిన పూర్వీకుడి వృత్తి, నేరం వెతకడం ఎలా: వరంగల్ ప్రాంతపు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఉత్తర తెలంగాణలో వంశవృక్షం రాసుకోవడానికి పూనుకున్న కుటుంబాలు మూడు, నాలుగు తరాలు వెనక్కి వెళ్ళేసరికి ఒక పేరు దగ్గర ఆగిపోవడం కద్దు. ఆయనకు ఎంత భూమి ఉండేదో, పిల్లను ఏ ఊరి నుంచి తెచ్చారో తడుముకోకుండా చెప్పే పెద్దలే, నడుమ కొన్నేళ్ళు ఆయన ఎక్కడున్నాడని అడిగితే మాట మారుస్తారు. ఆ కొన్నేళ్ళు జైలులో గడిచి ఉంటే మన ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. ఆయన ఏ పని చేసుకుని బతికాడు? ఏ నేరానికి శిక్ష పడింది? వీటిని విడివిడిగా వెతికేవారే ఎక్కువ. కలిపి వెతకాలన్నది నా అభిప్రాయం. నిజాం రాజ్యపు సామాన్య కేసుల్లో మనిషి చేసే పనికీ అతని మీద మోపిన నేరానికీ చాలాసార్లు చుట్టరికం ఉంటుంది. పని తెలిస్తే నేరం అర్థమవుతుంది, నేరం తెలిస్తే రికార్డులో రాయని పని బయటపడుతుంది. పైగా ఖైదు అనుభవించిన మనిషికి వృత్తి ఒక్కటే ఉండదు. కులాన్ని బట్టి గుమాస్తా రాసినది ఒకటి, పట్టుబడిన నాటికి నిజంగా చేస్తున్నది ఇంకొకటి, జైలులో నేర్చుకున్నది మరొకటి. ఈ మూడింటినీ విడదీసి చూడగలిగితే వెతుకులాట సగం పూర్తయినట్టే.

మొదటి మెట్టు: ఇంటివారిని అడగడం

కాగితాల కన్నా ముందు మనుషుల దగ్గరికి వెళ్ళాలి. ఇంటి పరువు కాపాడే బాధ్యత కొడుకుల మీద ఎక్కువగా పడుతుంది గనుక, వేరే ఊరికి ఇచ్చిన ఆడబిడ్డలు ఇలాంటి సంగతులు కొంత ధారాళంగా చెబుతారు. అందువల్ల పెదనాయన కన్నా మేనత్తను ముందు అడగడం మేలు. "తాత జైలుకు ఎందుకు పోయిండు?" అని మొదటే అడిగితే సంభాషణ అక్కడికక్కడే ముగుస్తుంది. "తాత ఊళ్ళె లేనప్పుడు ఎవుసం ఎవరు చూసిండ్రు?", "ఎడ్లు ఎందుకు అమ్మవలసి వచ్చింది?", "నాయనమ్మ ఎన్నేండ్లు తల్లిగారింట్ల ఉన్నది?" అన్న ప్రశ్నలు అదే విషయాన్ని పక్కదారిన బయటికి తెస్తాయి. "పట్నంల ఉండె" అనో "లోపలికి పోయిండు" అనో జవాబు వస్తే దానిని ఉన్నది ఉన్నట్టుగా, చెప్పినవారి పేరుతో, తేదీతో రాసుకోవాలి.

సంవత్సరం అడిగితే ఎవరూ చెప్పలేరు. సంఘటనలను ఆసరా చేసుకుని అడగాలి. వరంగల్‌లో 1934లో ఆజంజాహి మిల్లు పెట్టక ముందా, పెట్టిన తర్వాతా? రజాకార్ల కాలమా? 1948 సెప్టెంబరు నాటి పోలీస్ యాక్షన్ తర్వాతా? అప్పటికి ఇంట్లో పెద్దబిడ్డ పెళ్ళయిందా? ఇలా అడుగుతూ పోతే అయిదారేళ్ళ పరిధిలోకి రావచ్చు. దాంతోపాటు తండ్రి పేరు, ఇంటిపేరు, కులం, నివసించిన ఊరు, దాని శివారు పల్లె, అప్పటి తాలూకా తప్పనిసరిగా తెలియాలి. మల్లయ్య, కొమురయ్య, ఐలయ్య, సమ్మయ్య వంటి పేర్లు ప్రతి ఊరిలోనూ పదేసి మందికి ఉంటాయి కాబట్టి తండ్రి పేరు లేకుండా మొదలుపెట్టిన వెతుకులాట దారి తప్పడం ఖాయం.

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. దొర గడిలో, అంటే కోటలాంటి ఇంట్లో, బంధించి ఉంచడాన్ని కూడా కుటుంబాల్లో "జైలుల పెట్టిండ్రు" అనే చెప్పుకుంటారు. అలాంటి నిర్బంధానికి కేసూ ఉండదు, తీర్పూ ఉండదు, రిజిస్టరూ ఉండదు. కథలో కోర్టు గానీ, తాలూకా కచ్చేరి గానీ, పోలీసు జవాన్లు గానీ ఎక్కడా రాకుండా దొర, జీతగాళ్ళు, అప్పు, వెట్టి మాత్రమే వినిపిస్తుంటే, ప్రభుత్వ రికార్డుల కోసం ఏళ్ళు గడపడానికి ముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

రెండవ మెట్టు: ఆ ఊరు అప్పుడు ఎవరి అధికారం కింద ఉండేదో తేల్చడం

ఈనాటి జిల్లా పేరుతో పాత రికార్డు అడిగితే దొరకదు. 2016లో జిల్లాలు విడిపోకముందటి వరంగల్ వేరు, నిజాం కాలపు వరంగల్ వేరు. ఖమ్మం 1953 వరకు వరంగల్ జిల్లాలో భాగమే. కరీంనగర్ 1905కు ముందు ఎలగందుల జిల్లాగా ఉండేది. నిజామాబాదు పాత పేరు ఇందూరు. పరకాల తాలూకా నిజాం కాలంలో కరీంనగర్ జిల్లా కింద ఉండేది కాబట్టి, ఇవాళ హనుమకొండకు కూతవేటు దూరంలో ఉన్న పరకాల వైపు పల్లె మనిషి కేసు కరీంనగర్ కాగితాల్లో ఉండే అవకాశం ఎక్కువ.

జిల్లా తేలిన తర్వాత ఆ ఊరు దివానీదా, అంటే నేరుగా నిజాం ప్రభుత్వ పాలనలో ఉన్నదా, లేక జాగీరుదా అన్నది చూడాలి. పెద్ద జాగీరుదారులకు సొంత పోలీసులు, సొంత న్యాయస్థానాలు ఉండేవి. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యే వరకు ఆ ఊళ్ళ కేసులు ప్రభుత్వ తాలూకా కచ్చేరికి వెళ్ళకుండానే ముగిసి ఉండవచ్చు. దివానీ ఊళ్ళలో కూడా 1920ల ఆరంభం వరకు తహసీల్దారే చిన్న కేసుల్లో మేజిస్ట్రేటుగా తీర్పు చెప్పేవాడు గనుక, అంతకు ముందటి చిన్న శిక్షలను కోర్టు కాగితాల్లోనే గాక రెవెన్యూ కాగితాల్లోనూ వెతకవలసి ఉంటుంది.

మూడవ అవకాశం రైలు. నిజాం రాజ్యంలో పరచిన రైలు మార్గపు భూమి మీద న్యాయాధికారం హైదరాబాదులోని బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంటు చేతిలో ఉండేది. ఆ అధికారం ఎంతవరకు అన్న వివాదం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. శంకర్‌పల్లి స్టేషనులో జరిగిన ఒక అరెస్టు మీద 1897లో తీర్పునిస్తూ, ఆ అధికారం రైల్వేకు సంబంధించిన విషయాల వరకేనని ఆ న్యాయస్థానం తేల్చింది. కాజీపేట, డోర్నకల్ వంటి జంక్షన్ల దగ్గర రైలు సరుకు దొంగతనం గానీ, బండిలో జరిగిన నేరం గానీ మీ కుటుంబ కథలో ఉంటే, నిజాం కోర్టులకు బదులు రెసిడెన్సీ కాగితాలు చూడాలి. అవి ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. దాని అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటులో పేరుతో, ఊరుతో వెతికే వీలుంది.

నాలుగవది గోదావరి అవతలి ఒడ్డు. కాళేశ్వరానికి ఎదురుగా ఉన్న సిరొంచ, దిగువన భద్రాచలం బ్రిటిష్ పాలనలో ఉండేవి. భద్రాచలం ప్రాంతం 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసు రాజధాని కిందికి మారింది. మహదేవపూర్, ఏటూరునాగారం, మంగపేట వైపు వారికి పనులూ చుట్టరికాలూ రెండు ఒడ్డులనూ ఉండేవి కాబట్టి, నేరం ఏ ఒడ్డున జరిగిందన్న దాన్ని బట్టి రాజ్యం మారిపోతుంది, రాజ్యంతోపాటు రికార్డు ఉన్న నగరమూ మారిపోతుంది. ఇంట్లో "కాలాపానీ" అన్న మాట వినిపిస్తే ముందుగా ఆ బ్రిటిష్ కోర్టుల వైపే చూడడం మంచిది. 1879-80 నాటి రంప తిరుగుబాటు తర్వాత గోదావరి ఏజెన్సీ నుంచి అండమాన్‌కు పంపబడినవారు ఉన్నారు.

మూడవ మెట్టు: ఫసలీ తేదీలను మార్చుకోవడం

నిజాం రాజ్యపు కాగితాలు రెవెన్యూ లెక్కలకు వాడిన ఫసలీ సంవత్సరంలో నడుస్తాయి. పాత పహాణీలు, అంటే ఊరి భూమి లెక్కల పుస్తకాలు, చూసినవారికి ఈ లెక్క కొత్తది కాదు, కానీ తేదీ వరకు మార్చడం చాలామందికి అలవాటు ఉండదు. ఇరవయ్యో శతాబ్దపు హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఆ తర్వాత వరుసగా దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్ నెలలు వస్తాయి. ఆజూర్, దై నెలల్లోని తేదీ అయితే ఫసలీ సంవత్సరానికి 590 కలపాలి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ వరకు అయితే 591 కలపాలి. బహమన్ దాదాపు మొత్తం డిసెంబరులోనే పడుతుంది గనుక దానికి 590 కలిపి, నెలాఖరు తేదీలను మాత్రం మరోసారి సరిచూసుకోవాలి. ఈ లెక్కన 1355 ఫసలీ అంటే 1945 అక్టోబరు నుంచి 1946 అక్టోబరు వరకు. కొన్ని ప్రభుత్వ ఉత్తర్వుల మీద హిజ్రీ తేదీ కూడా కనిపిస్తుంది. అది చాంద్రమానం కాబట్టి దానికి ఈ కూడిక పనిచేయదు.

నాలుగవ మెట్టు: కాగితం ఎక్కడ దొరుకుతుంది

వరంగల్ కేంద్ర కారాగారం 1886లో కట్టినది. 2021లో ఖైదీలను ఇతర జైళ్ళకు తరలించి, ఆసుపత్రి నిర్మాణం కోసం ఆ భవనాన్ని కూల్చివేశారు. కాబట్టి జైలు గేటు దగ్గరికి వెళ్ళి అడిగే దారి ఇప్పుడు లేదు. హైదరాబాదులోని జైళ్ళ శాఖ ప్రధాన కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయడమే సరైన పద్ధతి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే పై అధికారికి అప్పీలు చేయవచ్చు. వ్యక్తిగత సమాచారం అంటూ తిరస్కరిస్తారన్న భయం ఉంటే, ఆ చట్టంలోని 8వ సెక్షన్, 3వ ఉపవిభాగాన్ని దరఖాస్తులోనే ప్రస్తావించాలి. 20 ఏళ్ళు దాటిన సంఘటనల సమాచారానికి ఆ సెక్షన్‌లోని మినహాయింపులు కొన్ని తప్ప వర్తించవు. వ్యక్తిగత గోప్యత మినహాయింపు ఆ మిగిలిన కొన్నింటిలో లేదు.

దరఖాస్తులో "మా ముత్తాత వివరాలన్నీ ఇవ్వగలరు" అని రాస్తే పని జరగదు. ఖైదీల ప్రవేశ రిజిస్టరు, శిక్ష పడినవారి రిజిస్టరు, విడుదల రిజిస్టరు అని పుస్తకాల వారీగా, అయిదేళ్ళకు మించని కాలావధితో, తండ్రి పేరుతో, ఊరి పేరుతో అడగాలి. పుస్తకం లేదని చెబితే, దానిని నాశనం చేశారా, వేరే కార్యాలయానికి పంపారా, పంపితే ఏ తేదీన, ఏ నంబరు ఉత్తర్వు కింద అన్నది రెండవ దరఖాస్తులో అడగాలి. ఈ రెండవ దరఖాస్తును చాలామంది రాయరు, నిజానికి దారి చూపేది అదే.

హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర అభిలేఖాగారం రెండవ చోటు. నిజాం కాలపు న్యాయ, పోలీసు, హోం శాఖల ఫైళ్ళు అక్కడ చూడవచ్చు. అక్కడ మనిషి పేరు కన్నా శాఖ, సంవత్సరం, విషయం అన్న వరుసలోనే సూచికలు ఉపయోగపడతాయి. మామూలు దొంగతనం కేసుకు హోం శాఖలో ఫైలు ఉండకపోవచ్చు. కానీ క్షమాభిక్ష కోరుతూ భార్య గానీ తల్లి గానీ పెట్టుకున్న అర్జీ, జైలులో మరణం, పారిపోవడం, మరణశిక్ష, అల్లర్లు వంటివి ఉంటే ఫైలు నడిచే ఉంటుంది. అర్జీ దొరికిందంటే అదృష్టమే. ఇంట్లో ఎంతమంది పిల్లలు, ఎవరు ఏ పని చేస్తున్నారు, ఆయన లేకపోవడం వల్ల ఏ పని ఆగిపోయింది అన్న సంగతులు ఏ రిజిస్టరూ చెప్పనంత వివరంగా దానిలో ఉంటాయి.

మూడవ చోటు జిల్లా కోర్టు నకళ్ళ విభాగం. సాక్ష్యాల కాగితాలను సాధారణంగా ముందుగా నాశనం చేస్తారు, తీర్పులను ఎక్కువ కాలం ఉంచుతారు. అందువల్ల తీర్పు నకలు కోసమే దరఖాస్తు చేయాలి. హైకోర్టు దాకా వెళ్ళిన కేసు అయితే, ఉర్దూలో వెలువడిన ఆనాటి తీర్పుల సంపుటాల్లో కూడా వెతకవచ్చు.

విదేశాల్లో ఉన్న బంధువులు జనగణన పత్రాల్లో తాతల వృత్తి దొరికిందని చెబుతుంటారు. ఇక్కడ ఆ ఆశ పెట్టుకోకూడదు. మన జనగణనలో ఇంటింటి పత్రాలు బయటికి రావు, మొత్తాల పట్టికలే ప్రచురిస్తారు.

అయిదవ మెట్టు: ఉర్దూ నమోదును గడి గడిగా చదవడం

1884 తర్వాత నిజాం ప్రభుత్వ వ్యవహారాలు ఫారసీ నుంచి ఉర్దూకు మారాయి. కచ్చేరి ఉర్దూ చేతిరాత విరిగిన అక్షరాలతో, చుక్కలు లేకుండా ఉంటుంది కాబట్టి ఉర్దూ చదివినవారందరూ దానిని చదవలేరు. సేత్వార్, ఖాస్రా పహాణీ వంటి పాత భూమి కాగితాలు చదివి పెట్టే వృద్ధ దస్తావేజు లేఖకులు వరంగల్, కరీంనగర్ కచ్చేరిల చుట్టూ ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వారి దగ్గర కూర్చుని ఒక్కొక్క గడి పలికించి తెలుగు లిపిలో రాసుకోవాలి. అర్థం చెప్పించుకోవడం ఆ తర్వాతి పని.

నమోదు ఎలా ఉంటుందో చూపడానికి ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. "మల్లయ్య, వల్ద్ కొమురయ్య, కౌమ్ గౌండ్ల, పేషా మజ్దూరీ, సాకిన్ మౌజా ఫలానా, తాలూకా పరకాల. జుర్మ్ ఆబ్కారీ. సజా ఆరు నెలల ఖైద్-ఎ-బామషక్కత్, జుర్మానా 50 రూపాయలు, కట్టకుంటే మరొక నెల. తారీఖు 11 ఆజూర్ 1339 ఫసలీ."

వల్ద్ అంటే తండ్రి పేరు, కౌమ్ అంటే కులం లేదా వర్గం, పేషా అంటే వృత్తి, సాకిన్ అంటే నివాసం. జుర్మ్ నేరం, ఆబ్కారీ కల్లు, సారా వ్యవహారం, సజా శిక్ష, బామషక్కత్ అంటే కఠిన శిక్ష, జుర్మానా జరిమానా. తేదీని పై లెక్క ప్రకారం మార్చితే 1929 అక్టోబరు మధ్యకు వస్తుంది. జరిమానా నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కా రూపాయల్లో ఉంటుంది. 7 హాలీ రూపాయలు దాదాపు 6 కల్దారు, అంటే బ్రిటిష్, రూపాయలకు సమానం అన్న లెక్క గుర్తుంటే, ఆ మొత్తాన్ని బ్రిటిష్ రూపాయలతో కలిపేసుకునే పొరపాటు జరగదు.

ఇప్పుడు వృత్తి గడిని చూడండి. కల్లుగీసే గౌండ్ల కులస్థుడు, ఆబ్కారీ నేరం, అయినా పేషా దగ్గర కూలి అని ఉంది. ఎందుకు? గుమాస్తా ఆలోచించకుండా రాసి ఉండవచ్చు. అడిగిన ప్రతివాడికీ మజ్దూరీ అనో కాష్త్‌కారీ అనో, అంటే కూలి అనో సేద్యం అనో రాసేసే అలవాటు ఆ రిజిస్టర్లలో కనిపిస్తుంది. లేదా ఆ మనిషి నిజంగానే గుత్తేదారు దగ్గర చెట్ల హక్కు పోగొట్టుకుని కూలికి దిగి, పన్ను కట్టని చెట్టును రాత్రిపూట గీసి పట్టుబడి ఉండవచ్చు. రెండవదే నిజమైతే ఆ ఒక్క గడి ఆ కుటుంబం వృత్తి ఎప్పుడు, ఎలా చేయిజారిందో చెబుతున్నట్టు. ఏది నిజమో తేల్చడానికి అదే ఊరివారి నమోదులు ముందూ వెనుకా ఇరవై దాకా చదవాలి. గుమాస్తా అందరికీ మజ్దూరీ అనే రాసి ఉంటే ఆ గడికి విలువ లేదు. మిగతా గౌండ్లవారికి కల్లుగీత అని రాసి మల్లయ్యకు మాత్రమే కూలి అని రాస్తే, అది కావాలని రాసిన మాటే.

వృత్తికీ నేరానికీ ఉన్న చుట్టరికం

ఈ ప్రాంతపు జీవనం తెలిసినవారికి కొన్ని జతలు వెంటనే స్ఫురిస్తాయి. కల్లుగీత, సారా వ్యవహారాలన్నీ 1316 ఫసలీ నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టం కిందికి వచ్చేవి. ప్రతి తాడిచెట్టుకూ ఈతచెట్టుకూ పన్ను, ప్రతి తాలూకాకూ గుత్తేదారు ఉన్న రోజుల్లో గీతకార్మికుడు నేరస్థుడు కావడానికి పెద్ద దూరం నడవనక్కరలేదు. ఇప్పసారా కాచుకునే కోయ, గోండు, లంబాడా కుటుంబాల సంగతీ అంతే. పాకాల, ములుగు, ఏటూరునాగారం అడవుల అంచున మందలు మేపే గొల్లకురుమలు, టేకు మోసే బండ్లవారు, పోడు కొట్టుకునే ఆదివాసులు అటవీ నేరాల్లో ఇరుక్కునేవారు. నిజాం చివరి ఏళ్ళలో అమలైన హైదరాబాదు అటవీ చట్టం 1355 ఫసలీ నాటిది. అటవీ నేరానికి ఏ సంవత్సరంలో శిక్ష పడిందో తెలిస్తే, ఆ అడవి ఎప్పుడు సర్కారు కంచెలోకి వెళ్ళిందో చూసి రెండింటినీ పక్కపక్కన పెట్టవచ్చు. తాతల నాటి నుంచి మేపుకున్న బీడే ఒక ఉత్తర్వుతో నేరస్థలం అయిన సందర్భాలు అలా బయటపడతాయి.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ధాన్యం లెవీ, బట్ట, నూలు మీద నియంత్రణలు వచ్చాయి. ఆ ఏళ్ళలో శిక్ష పడిన రైతు ధాన్యం దాచినవాడు కావచ్చు, సాలెవాడు నూలు చేతులు మార్చినవాడు కావచ్చు, కోమటి ధర మించి అమ్మినవాడు కావచ్చు. ఔసులవారి మీద దొంగసొత్తు కొన్నారన్న కేసులు, పట్వారీల మీద తప్పుడు దాఖలాల కేసులు, ఊరి కావలి మస్కూరీల మీద నిందితుడిని తప్పించారన్న కేసులు ఆయా పనుల్లో ఇమిడి ఉన్న ప్రమాదాలే. నేరం గడి చదివేటప్పుడు ఆ పని చేసేవాడి చేతికి ఏమేమి అందుతాయో, ఎవరితో రోజూ తగాదా ఉంటుందో ఆలోచిస్తే చాలా సంగతులు విడిపోతాయి. అయితే ఈ జత ప్రతిచోటా కుదరాలని బలవంతం చేయకూడదు. ఒడ్డు గెట్టు తగాదాలో గొడ్డలి ఎత్తినవాడు ఏ కులంవాడైనా కావచ్చు, వాడి వృత్తికీ ఆ దెబ్బకూ సంబంధం ఉండనక్కరలేదు.

కులం పేరే నేరంగా నమోదైన సందర్భాలు వేరు. బ్రిటిష్ ఇండియాలో 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం తరహా నిబంధనలు నిజాం రాజ్యంలోనూ ఉండేవి. ఎరుకల వంటి సంచార వర్గాలవారిని ఏ నేరం చేయకపోయినా హాజరు పట్టీలో పెట్టేవారు. ఊరు దాటి పోయినందుకో, హాజరు తప్పినందుకో పడిన శిక్షను దొంగతనం శిక్షగా వంశవృక్షంలో రాయడం ఆ మనిషికి రెండవసారి అన్యాయం చేయడమే. దేశవ్యాప్తంగా ఆ చట్టం 1952లో రద్దయింది. అంతకు ముందటి నమోదు ఏదైనా ఈ వర్గాలకు సంబంధించినదైతే సెక్షన్ నంబరు చూడకుండా నేరం పేరు రాసుకోకూడదు.

ఆరవ మెట్టు: సెక్షన్ నంబరు ఏ చట్టానిదో తేల్చడం

భారతీయ శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రానికి 1951 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. అంతకు ముందు ఇక్కడ నడిచింది హైదరాబాదు శిక్షాస్మృతి. దాని విషయాలు చాలావరకు అవే, నంబర్లు మాత్రం వేరు. మనందరి నోటా నలిగిన 302కు బదులు అక్కడ హత్యకు 243. పాత కాగితంలో ఉన్న నంబరును బ్రిటిష్ ఇండియా స్మృతిలో వెతికితే, హత్య కేసు మరేదో చిల్లర నేరంగా మారిపోతుంది, లేదా చిల్లర నేరం హత్యగా మారుతుంది.

రెండు నంబర్లనూ పక్కపక్కన చూడాలంటే సుప్రీంకోర్టు తొలినాళ్ళ తీర్పులు ఉపయోగపడతాయి. 1947 డిసెంబరులో గూర్తూరు గ్రామంలో జరిగిన దహనాలు, హత్యల కేసులో అప్పటి వరంగల్ సుబేదారు (ఆ ప్రాంతపు పెద్ద అధికారి) మీద హైదరాబాదు స్మృతి సెక్షన్లతోనే అభియోగాలు మోపారు. ఆ కేసు మీద 1953లో వచ్చిన తీర్పులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రత్యేక ట్రిబ్యునల్ మరణశిక్ష వేసినా, ముఖ్యమైన సాక్షిని విచారించలేదన్న కారణంతో సుప్రీంకోర్టు దానిని చివరకు కొట్టివేసింది. కాబట్టి జైలు రిజిస్టరులో శిక్ష కనిపించగానే ఆగకుండా, అప్పీలు ఏమయిందన్నది కూడా చూడాలి. విడుదల తేదీ శిక్షాకాలం కన్నా బాగా ముందుగా ఉంటే అప్పీలు గానీ క్షమాభిక్ష గానీ ఉండే ఉంటుంది.

ఏడవ మెట్టు: రాజకీయ ఖైదీయేనా?

మన ప్రాంతంలో జైలుకు వెళ్ళిన ప్రతి తాతనూ రజాకార్ల మీద కొట్లాడినవాడిగా చెప్పుకునే అలవాటు ఒకటి ఉంది. నిజంగా కొట్లాడినవారు వేలమంది ఉన్నారు గనుకనే ఆ మాట సులభంగా అతుకుతుంది. కాలం దీనికి మొదటి గీటురాయి. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం 1938లో ఒకసారి, 1947-48లో మరొకసారి జరిగింది. సాయుధ పోరాటం 1946 నుంచి 1951 వరకు నడిచింది. ఈ ఏళ్ళకు బయట పడిన శిక్షను ఉద్యమానికి ముడిపెట్టడానికి వేరే ఆధారం కావాలి. ఆ ఏళ్ళలోనే పడినా, నిర్బంధ ఉత్తర్వు మీద లోపలికి వెళ్ళారా, మామూలు నేరం సెక్షన్ మీద వెళ్ళారా అన్నది చూడాలి. దోపిడీ సెక్షన్ ఉన్నంత మాత్రాన ఉద్యమకారుడు కాడనీ అనలేము. దొర గడి మీద దాడిని, ధాన్యం పంచడాన్ని పోలీసులు దోపిడీగానే నమోదు చేసేవారు.

రాజకీయ ఖైదీ అయితే పని కొంత సులభం. 1972 నుంచి కేంద్ర ప్రభుత్వం ఇస్తున్న స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు కనీసం ఆరు నెలల జైలు జీవితం చూపవలసి ఉండేది. జైలు రికార్డు దొరకనివారు తోటి ఖైదీల ధ్రువపత్రాలు జతచేసేవారు. ఈ ఫైలు కలెక్టరు కార్యాలయంలో దొరికితే ఎక్కడ పట్టుబడ్డాడు, ఏ ఏ జైళ్ళు మారాడు, అప్పటికి ఏ పని చేసేవాడు అన్నది ఆయన మాటల్లోనే చదవవచ్చు. కవి దాశరథి కృష్ణమాచార్యులను వరంగల్ నుంచి నిజామాబాదు ఖిల్లా జైలుకు మార్చినట్టే, మిగతావారినీ ఒక జైలు నుంచి మరొక జైలుకు తిప్పేవారు. ఔరంగాబాదు, గుల్బర్గా జైళ్ళకు పంపినవారి కాగితాలు 1956లో రాష్ట్రాలు విడిపోయిన తర్వాత మహారాష్ట్రలోనో కర్ణాటకలోనో మిగిలి ఉంటాయి.

ఎనిమిదవ మెట్టు: పక్క ఆధారాలు

1926లో మొదలైన గోలకొండ పత్రిక, ఉర్దూలో వచ్చిన రహబర్-ఎ-దక్కన్ వంటివి జిల్లా కేసుల వార్తలు వేసేవి. పాత సంచికల కోసం హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, హనుమకొండలో 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం చూడవచ్చు. శిక్ష తేదీ తెలిసిన తర్వాతే పత్రికల జోలికి వెళ్ళాలి. తేదీ లేకుండా సంచికలు తిప్పితే కళ్ళకు శ్రమ తప్ప ఫలితం ఉండదు.

భూమి కాగితాలు నిశ్శబ్ద సాక్షులు. జరిమానా కట్టడానికో, వకీలుకు ఇవ్వడానికో అమ్మిన చెలక, కాస్తుదారు గడిలో ఉన్నట్టుండి మారిన పేరు, 1954-55 ఖాస్రా పహాణీలో భార్య పేరు మీదో తమ్ముడి పేరు మీదో ఉన్న పట్టా, ఇవన్నీ ఆయన ఊళ్ళో లేని కాలాన్ని పట్టిస్తాయి.

ఇంకొక ఆధారాన్ని చదువుకున్నవారు పట్టించుకోరు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందెచ్చువారు, మాదిగలకు దక్కలివారు, గోండులకు ప్రధానులు కులపురాణం చెప్పి త్యాగం, అంటే తమకు ఆనవాయితీగా రావలసిన కట్నం, అడుగుతారు. ఏ ఇల్లు ఎక్కడి నుంచి వచ్చి ఏ ఊళ్ళో స్థిరపడింది, ఎవరు పని మానుకుని వలస పోయారు అన్నది వారికి తరతరాలుగా తెలిసి ఉంటుంది. నేరం సంగతి వారిని అడగకపోయినా, ఆ ఇంటి అసలు వృత్తి ఏమిటన్నది అడగవచ్చు.

తొమ్మిదవ మెట్టు: జైలు నేర్పిన పని

కఠిన శిక్ష పడినవాడు జైలులో ఏదో ఒక పని చేయవలసిందే. వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకే వెళ్ళాయి. తర్వాతి కాలంలో వరంగల్ జైలులోనూ తివాచీలు, జంపఖానాలు నేయించేవారు. జైలు పనుల మొత్తం లెక్కలు నిజాం ప్రభుత్వ వార్షిక పరిపాలన నివేదికల్లో ఉంటాయి. మీవాడి పేరు వాటిలో దొరకదు గానీ, ఆ ఏడాది ఖైదీల చేత ఏ పనులు చేయించారన్నది దొరుకుతుంది.

నేతతో ఏ సంబంధం లేని కులంలో పుట్టిన తాత ఉన్నట్టుండి వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద కూర్చున్నాడని గానీ, మిల్లులో చేరాడని గానీ ఇంట్లో చెబితే, ఆ పని ఎక్కడ నేర్చుకున్నాడని అడగండి. విడుదల తేదీకీ, నేత సహకార సంఘం సభ్యత్వ పుస్తకంలోనో మిల్లు హాజరులోనో పేరు మొదటిసారి కనిపించిన తేదీకీ మధ్య ఎంత కాలం ఉందో చూస్తే జవాబు దాదాపు తేలిపోతుంది. వడ్రంగం, తోటపని, వంటపని విషయంలోనూ ఇదే పద్ధతి పనికివస్తుంది. జైలు వంటశాలలో పనిచేసి వచ్చి పెళ్ళిళ్ళకు వంటమేస్త్రీ అయినవాడిని కుటుంబం "పనితనం ఉన్న మనిషి" అని మాత్రమే గుర్తుంచుకుని ఉండవచ్చు.

రాసి పెట్టుకోవడం

వంశవృక్షంలో ఆయన పేరు కింద వృత్తి అని ఒక గడి పెట్టకుండా, రికార్డులో ఉన్న వృత్తి, ఇంటివారు చెప్పిన వృత్తి, విడుదల తర్వాతి వృత్తి అని మూడు వరుసలు రాయాలి. ప్రతి వరుస పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో ఉండాలి. నేరాన్ని రిజిస్టరులోని మాటల్లోనే, సెక్షన్‌తో, కోర్టు పేరుతో రాసి, ఇంట్లో చెప్పుకునే కథను దాని కింద వేరుగా రాయాలి. రెండూ కలవకపోతే కలపడానికి ప్రయత్నించవద్దు. దెబ్బతిన్న ఇంటివారి మనుమలు అదే ఊళ్ళో, ఒక్కోసారి అదే వాడలో ఉంటారు కాబట్టి, బాధితుల పేర్లను నలుగురికీ పంచే ప్రతిలో తీసేసి సొంత ప్రతిలో మాత్రమే ఉంచుకోవాలి. రిజిస్టరు పుట ఫోటోతోపాటు సంపుటం నంబరు, పుట నంబరు, ఫసలీ తేదీ, మార్చిన తేదీ, తెలుగు లిపిలోకి ఎత్తి రాసిన పాఠం ఒకేచోట భద్రపరచాలి. ఆ ఉర్దూ చదివి పెట్టినది ఎవరో, ఏ మాట దగ్గర ఆయన అనుమానపడ్డాడో కూడా పక్కన రాసి ఉంచితే, రేపు ఇంకొకరు అదే పుటను మరోలా చదివినప్పుడు ఎక్కడ సరిచూసుకోవాలో తెలుస్తుంది.